మిగిలిన మాల్

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటినుంచీ అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పే కొంప ముంచింది. నా కొంప అంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. మునిగింది వేరేవాళ్ళ కొంప. నేను ఒడ్డునే ఉన్నాను. ఉద్యోగం చేశాను, ప్రమోషన్లు తీసుకున్నాను, రిటైర్మెంటు దగ్గర పడ్డాక తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

తొంభైల నడుమ సంగతి. అశోక్‌నగర్‌లో మాకు తాతగారి కాలంనాటి చిన్న డాబా ఇల్లు ఉండేది. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక ఆయన గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న కూడా ప్రభుత్వాఫీసులోనే చేసేవారు. నేను డిగ్రీ అయ్యాక గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాను. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ, సాయంత్రం పెరటి మెట్ల మీద పుస్తకం. రాజ్యాంగం నాకు కొట్టినపిండి. ఇరవై రెండో అధికరణ అడగండి, నిద్రలో లేపినా చెప్పేదాన్ని: అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, దారి ప్రయాణానికి పట్టే సమయం అందులో కలపరు. ఆ చివరి ముక్క చాలామంది మర్చిపోతారు. నేను మర్చిపోయేదాన్ని కాదు. అదొక గర్వం.

ఆ ఏడు వానలకు మా పెరటి బాత్రూం గోడ పెచ్చులూడింది. ఒక సోమవారం పొద్దున్నే నాన్న చౌరస్తాలో కూలీలు నిలబడే అడ్డా దగ్గరికి వెళ్ళి ఒక మేస్త్రీని మాట్లాడుకొచ్చారు. పాలమూరు మనిషి. ముప్ఫై దాటి ఉంటాయేమో. కవాడిగూడ అవతల బస్తీలో గుడిసె. భార్య వేరేచోట సెంట్రింగ్ పనికి పోతుందని చెప్పాడు. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అమ్మా అనే పిలిచాడు. ఎక్కువ మాట్లాడే రకం కాదు కానీ ఒక్క విషయం మాత్రం అమ్మకు మూడుసార్లు చెప్పాడు. గోడ పసిపోరి లెక్క, వారం దినాలు పొద్దుమాపు నీళ్ళు తాగాలె, లేకుంటే పగుళ్ళిస్తది అని. అమ్మ నవ్వి, నా పిల్లకి కూడా ఇంత సేవ చెయ్యలేదయ్యా అంది.

సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నాను. అతను కుళాయి దగ్గర తాపీ కడుక్కుని, రేపటికి పనుంది కదా అని దాన్ని మా గోడ గూట్లోనే పెట్టాడు. తట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా, మిగిలిన మాల్ తీస్కపోతున్న. పొద్దుగాల వచ్చి ఇంకో దిక్కు కొడత."

నేను తలెత్తకుండానే ఊఁ అన్నాను.

దీపాలు పెట్టే వేళకు అమ్మ మెళ్ళో గొలుసు లేదని తెలిసింది. నల్లపూసల గొలుసు, వాళ్ళమ్మ పెట్టింది. స్నానానికి వెళ్తూ తీసి వంటింటి కిటికీలో పెట్టానంది. కిటికీ తెరిస్తే పెరడే. బియ్యం డబ్బాలు దులిపాం, పరుపులు దులిపాం, ఆఖరికి తూముల్లో కూడా చెయ్యి పెట్టి చూశాం. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. రోజంతా పెరట్లో తిరిగిన మనిషి ఒక్కడే కదా అని పైకే అన్నాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

మర్నాడు మంగళవారం పొద్దున్నే నాన్నా నేనూ స్టేషన్‌కి వెళ్ళాం. ఏ స్టేషనో చెప్పను. అక్కడ రైటర్ అని రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు, కళ్ళజోడు పెట్టుకుని, బ్యాంకు ఉద్యోగిలా నెమ్మదస్తుడు. తెల్లకాగితం మమ్మల్నే తెచ్చుకోమన్నాడు. నాన్న తెచ్చి నా చేతికిచ్చి, నువ్వు రాయమ్మాయ్, నీ రాత గుండ్రంగా ఉంటుంది అన్నారు. సగం రాశాక హెడ్ కానిస్టేబుల్ అడిగాడు, ఎవరి మీదన్న అనుమానం ఉన్నదా అని. నాన్న మేస్త్రీ సంగతి చెప్పారు. పోయేటప్పుడు ఏమన్న అన్నడా అని మళ్ళీ అడిగాడు. నాకు గుర్తొచ్చింది. తెలిసినదాన్ని దాచుకునే స్వభావం కాదాయె నాది. మిగిలిన మాల్ తీసుకుపోతున్నా అన్నాడని చెప్పాను.

ఆయన నా వంక ఒక్క క్షణం చూశాడు. "మాల్ అన్నడా? గదే రాయిండ్రి."

దొంగ ఎవడైనా ఇంటివాళ్ళకు చెప్పి మరీ ఎత్తుకుపోతాడా? ఈ ప్రశ్న వేసుకోవడానికి రాజ్యాంగం అక్కర్లేదు, బుర్ర ఉంటే చాలు. నాకు తట్టలేదు. మాల్ అంటే నాకు తెలిసింది కొట్లోకి దిగే సరుకు. లేకపోతే సినిమాలో దొంగలు పంచుకునే సొమ్ము. మా ఇంట్లో సిమెంటును సిమెంటనే అంటాం. అతను అన్న మాటను కొటేషన్‌లో పెట్టి, కింద గీత కూడా గీశాను. హెడ్ కానిస్టేబుల్ కాగితాన్ని వెలుగుకు పెట్టి చూసి, అచ్చు గుద్దినట్టున్నదమ్మా అన్నాడు. నాన్న మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి.

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ పెరట్లో ఇసుక జల్లెడ పడుతున్నాడు. చెప్పిన వేళకే వచ్చాడు. దొంగతనం చేసినవాడు తెల్లారి అదే ఇంటికి పనికి రాడు కదా అనైనా అనుకోవాలి. నేనేమనుకున్నానో తెలుసా? ఎంత గుండె ధైర్యం వీడికి అనుకున్నాను. గంట తర్వాత మఫ్టీలో ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, జర స్టేషన్ దాకా రమ్మన్నారు. అతను గాబరా పడలేదు. కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. "జర పొయ్యొస్తనమ్మా. గోడకు నీళ్ళు కొట్టుండ్రి" అన్నాడు. ఎదురింటివాళ్ళు గేటు దగ్గరికి వచ్చి మరీ చూశారు.

బుధవారం పొద్దున ఒక ఆడమనిషి మా గేటు దగ్గర నిలబడింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పనికి బయల్దేరినట్టే ఉంది. తను మేస్త్రీ భార్యనని చెప్పింది. ఇంటాయన నిన్న పొద్దున ఇక్కడికే పనికని వచ్చి ఇంతవరకూ రాలేదంది. స్టేషన్‌కి తీసుకెళ్ళారని చెప్పాను. ఎందుకమ్మా అంటూ నేల మీద కూలబడింది. నాకు చిరాకేసింది. ఏమీ ఎరగనట్టు ఈ నాటకం ఒకటా అనుకున్నాను.

"మాల్ తీసుకుపోతున్నా అని నాతోనే చెప్పి వెళ్ళాడు మీ ఆయన. ఇంటికి తెచ్చాడా లేదా?"

"తెచ్చిండమ్మా" అంది వెంటనే. "తట్టల తెచ్చిండు. పొయ్యి పగిలితె దాంతోనే మెత్తిన. ఇంత మిగిలితె గడప కాడ ఏసిన. తప్పయితె గీకి తెస్తనమ్మా."

"ఏం మెత్తావు? ఏంటి గీకి తెచ్చేది?"

"మాల్ అమ్మా." నాకు చెవుడేమో అన్నట్టు చూసింది. "ఇసుక, సిమెంటు, నీళ్ళు కలుపుతరు గద. దాన్నే మాల్ అంటరు."

కలిపిన సిమెంటు రాత్రికి గట్టిపడిపోతుంది, పారబొయ్యడం తప్ప మాకు ఎందుకూ పనికిరాదు. అది పట్టుకెళ్ళడానికి కూడా అడిగి వెళ్ళిన మనిషి అతను. ఆ అడగడాన్నే నేను నేరం కింద రాసిచ్చి వచ్చాను, కింద గీత గీసి మరీ.

అప్పటికప్పుడు ఆమెను తీసుకుని బయల్దేరాను. నాన్న ఆఫీసుకు వెళ్ళిపోయారు. అమ్మ వద్దంటున్నా ఆగలేదు. చిక్కడపల్లి రోడ్డు పొడుగునా ఆమె నాకు నాలుగడుగులు వెనకే నడిచింది. పక్కన నడవమంటే నడవదు. స్టేషన్ గుమ్మంలో ఆమెను ఆపేశారు. ఇక్కడ ఎవరూ లేరు పొమ్మన్నారు. నన్ను మాత్రం లోపలికి రానిచ్చి కుర్చీ వేశారు. ఉన్నాడా లేదా అని అడిగితే హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడనే చెప్పాడు, లోపల కూర్చోబెట్టామన్నాడు.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పొరపాటు నాది, మాల్ అంటే సిమెంటట, గొలుసు కాదు, ఆ కాగితం ఇవ్వండి దిద్దుతాను అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు.

"మాల్ అంటే ఏందో నాకు తెల్వదా అమ్మా? మా నాయిన గూడ మేస్త్రే."

"మరి నాచేత ఎందుకు రాయించారు?"

"మీరు చెప్పిన్రు, మీరు రాసిన్రు. పెన్ను నేను ముట్టలే." గొంతు పెంచకుండా అన్నాడు. "అయినా ఏం దిద్దుతరు? ఇంక కేసే రాయలే. రాయందాన్ని ఎట్ల దిద్దుతరు?"

అప్పుడు నా చదువంతా బయటికి తీశాను. నిన్న పదింటికి తీసుకొచ్చారు, ఇరవై నాలుగు గంటలు దాటిపోతున్నాయి, ఇరవై రెండో అధికరణ ప్రకారం అంటూ అప్పజెప్పాను. ప్రయాణ సమయం కలపరని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో తల కూడా ఊపాడు.

"గదంతా అరెస్టు చేస్తె గద అమ్మా. మేం అరెస్టు చెయ్యలే. కూసోబెట్టినం."

నేను చదివిన పుస్తకాల్లో అరెస్టు ఉంది, నిర్బంధం ఉంది, రిమాండ్ ఉంది. కూసోబెట్టడం ఎక్కడా లేదు. ఆ గంటలు మనిషిని పట్టుకున్నప్పుడు మొదలవుతాయని అనుకున్నాను నేను. వాటిని రైటర్ పెన్నుమూత తీసినప్పుడు మొదలుపెట్టే ఏర్పాటు ఒకటి ఉందని ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పలేదు. కంచే చేను మేస్తే అన్న సామెతకు అప్పటిదాకా నాకు నోటితో తప్ప పరిచయం లేదు.

ఆయన మాట పూర్తయిందో లేదో, వెనక గదిలోంచి చప్పుడు వచ్చింది. తడి మాల్ గోడకు విసిరికొట్టినట్టు, ఆగి ఆగి. తర్వాత ఒక మగమనిషి గొంతు. గుమ్మం దగ్గర ఆమె తలుపు చెక్కను రెండు చేతులా పట్టుకుంది. హెడ్ కానిస్టేబుల్ లేచి వెళ్ళి ఆ గది తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. ఇంటికి పొమ్మన్నాడు, గొలుసు దొరికితే కబురు చేస్తానన్నాడు. దొరక్కపోతే అని అడిగాను. దొరికేదాకా కూసుంటడు అన్నాడు.

లైబ్రరీకి పేపర్లు చదవడానికి వచ్చే ముసలి వకీలుగారు ఒకరు తెలుసు. నారాయణగూడ సందులో ఒక కొట్టు పైన ఆయన గది. నేరుగా అక్కడికి వెళ్ళాం. ఆయన మొదట అడిగింది, వాళ్ళు అరెస్టు అన్న మాట నోటితో అన్నారా అని. లేదంటే తలాడించారు. వెంటనే టెలిగ్రాం కొట్టండి, పెద్దకోర్టుకొకటి, పోలీసు పెద్దలకొకటి, దాని మీద తారీఖూ టైమూ పడతాయి, మనిషి లోపలున్నాడని వాళ్ళు ఎప్పటికైనా ఒప్పుకోక తప్పదు అన్నారు. తంతి ఫారాల మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో నేనే రాశాను. పంపేవారి పేరు దగ్గర చెయ్యి ఆగింది. అక్కా నీ పేరేంటి అని అడిగాను. అంతవరకూ ఆమెను ఏమనీ పిలవలేదు, అదే మొదటిసారి. ఆ పిలుపులో ప్రేమ ఎంతో, నా పేరు రాయకుండా తప్పించుకోవడం ఎంతో, నాకే తెలుసు. ఆమె పేరు రాశాను.

గురువారం ఏ కబురూ లేదు. ఆమె పనికి పోకుండా స్టేషన్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చుందని వకీలుగారు చెప్పారు. టెలిగ్రాం సంగతి శుక్రవారం నాన్నకు తెలిసింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చుని అడిగారు.

"నీకు ఉద్యోగం వస్తే వెరిఫికేషన్‌కి వచ్చేది ఎవరనుకున్నావ్? ఆ స్టేషన్ వాళ్ళే. ఈ అమ్మాయి తప్పుడు కంప్లైంటు ఇచ్చిందని ఒక్క ముక్క రాస్తే చాలు, నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే."

నేను పుస్తకం తెరుచుకున్నాను. ఆ రాత్రి ఉతికిన దుప్పటి కప్పుకుని చక్కగా నిద్రపోయాను కూడా.

శనివారం పొద్దున స్టేషన్ నుంచి మనిషి వచ్చి మమ్మల్ని రమ్మన్నాడు. నాన్నా నేనూ వెళ్ళాం. గుమ్మం దగ్గర ఆమె ఉంది, ఈసారి ఎవరూ వెళ్ళగొట్టలేదు. లోపల బల్ల పక్కన నేల మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు, గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి. పాదాలు రెండూ వాచి నున్నగా మెరుస్తున్నాయి. కుడిచేతిని ఎడమచేతిలో పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మర్యాదకు లేవబోయాడు, మోకాళ్ళ దాకా వచ్చి మళ్ళీ కూలబడ్డాడు.

"అమ్మా, గోడకు నీళ్ళు కొడుతున్నరా?"

కొట్టలేదు. ఆ నాలుగు రోజులూ ఆ గోడ వైపు మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కొడుతున్నాం అని చెప్పాను. అతను తలూపాడు.

హెడ్ కానిస్టేబుల్ సంగతి విప్పాడు. టెలిగ్రాంల మీద పైనుంచి అడిగారట. ఇవాళే కోర్టులో పెట్టేస్తారట, ఇక్కడ ఉంచరట. కాకపోతే కాగితాలన్నీ ఒక మాట మీద ఉండాలి. మంగళవారం తారీఖుతో కంప్లైంటు ఉంటే మంగళవారం నుంచి ఏం చేశారని జడ్జి అడుగుతాడు. కాబట్టి ఇంకొకటి రాసివ్వాలి. పని గురువారం చేశాడు, గొలుసు గురువారం పోయింది, మీరు శుక్రవారం వచ్చారు, మేము శుక్రవారం సాయంత్రం రోడ్డు మీద పట్టుకున్నాం. అంతా అదే, తారీఖు ఒక్కటే మార్పు. నా పాత కాగితం బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నాడు, చూసి రాసుకొమ్మని.

నేను రాయనన్నాను. నిజంగానే అన్నాను, ఆ ఒక్క మాట నా ఖాతాలో వేసుకోనివ్వండి. నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు. హెడ్ కానిస్టేబుల్ ఏమీ బెదిరించలేదు. అయితే ఇంకో రెండు దినాలు కూసుంటడు, ఆదివారం ఎట్లాగూ సెలవేనాయె అని మాత్రం అన్నాడు.

గుమ్మం దగ్గర్నుంచి ఆమె లోపలికి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"రాయమ్మా. కోర్టుకు పోతె మనిషి లెక్కల వడతడు. ఈడుంటే లెక్కల లేడు. నీ కాళ్ళు మొక్కుత, రాయి."

మేస్త్రీ కళ్ళు మూసుకుని ఉన్నాడు. రాశాను. మాల్ అన్న మాట మాత్రం రాయలేదు. అదొక్కటీ వదిలేసి పెద్ద న్యాయం చేశాననుకున్నాను. సోమవారాన్ని గురువారం చేశాను, మంగళవారాన్ని శుక్రవారం చేశాను. తప్పులు పోకుండా, కొట్టివేతలు లేకుండా రాశాను. ఆమెకు చదువు రాదు, అయినా నా మోకాలి పక్కనుంచి అక్షరాల వంకే చూస్తూ కూర్చుంది. సంతకం పెట్టాక హెడ్ కానిస్టేబుల్ పాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు.

మధ్యాహ్నం కోర్టులో మేజిస్ట్రేటు మేస్త్రీని అడిగాడట, పోలీసులు కొట్టారా, ఎప్పుడు పట్టుకున్నారు అని. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళు. కొట్టలేదు సారు, నిన్న పట్కొచ్చిన్రు అన్నాడట. చట్టం అడిగిన ఇరవై నాలుగు గంటలు చక్కగా సరిపోయాయి. రిమాండ్ వేసి జైలుకు పంపారు. వకీలుగారు ఫీజు లేకుండానే బెయిల్ తెచ్చారు. కేసు తర్వాత రుజువుల్లేక మూతపడింది. గొలుసు ఏమైందో నాకు ఇవాళ్టికీ తెలియదు. అమ్మ కూడా కొన్నాళ్ళకు దాని ఊసు ఎత్తడం మానేసింది.

ఆ ఏడు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, ఎన్ని గంటల్లోగా అని. నాలుగు జవాబుల్లో సరైనది గుర్తు పెట్టాను. మార్కు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. నాన్న చెప్పినట్టే వెరిఫికేషన్‌కి ఆ స్టేషన్ నుంచే వచ్చారు, అదే హెడ్ కానిస్టేబుల్. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన పెరట్లో చెయ్యి కడుక్కుంటూ పగుళ్ళు పారిన గోడను వేలితో తడిమి చూసి, నీళ్ళు సరిగ కొట్టినట్టు లేరమ్మా అన్నాడు. నా గురించి మంచిగానే రాసి వెళ్ళాడు.

కానీ అంతకుముందే ఇంకొకటి జరిగింది. అది చెప్పకుండా దాటేద్దామనే ఉద్యోగం గొడవలోకి జారాను. చెప్పాలి.

బెయిల్ వచ్చిన కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. గోడ గూట్లో ఉన్న తాపీ తీసుకుపోతానంది. తెచ్చిచ్చాను. మీ ఆయన మళ్ళీ పనికి పోతున్నాడా అని అడిగాను. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవట్లేదట. తాపీ పట్టడం రావట్లేదట. అడ్డా మీద ఎవరూ తీసుకుపోవట్లేదు. వకీలుసారు పోలీసోళ్ళ మీద కేసు వేద్దామన్నాడని, దానికొక చిక్కు వచ్చిందని చెప్పింది. ఆమె చెప్పింది సగమే అర్థమై, సాయంత్రం నారాయణగూడ వెళ్ళి వకీలుగారినే అడిగాను. ముందు ఆయన చెప్పింది చెప్తాను.

జైల్లోకి తీసుకునేటప్పుడు డాక్టరు ఒళ్ళంతా చూసి దెబ్బలన్నీ రాశాడట. నిజాయితీపరుడు, ఉన్నది ఉన్నట్టు రాశాడు. పాదాలకు, చేతికి దెబ్బలు, మూడు నాలుగు రోజుల కిందటివి అని. కాగితాల ప్రకారం మేస్త్రీని పట్టుకుంది శుక్రవారం సాయంత్రం. అంటే ఆ దెబ్బలు తగిలినప్పుడు అతను బయట స్వేచ్ఛగా తిరుగుతున్నాడు. పనిలో పడి ఉంటాడు, ఎవరితోనో కొట్లాడి ఉంటాడు, పోలీసులకేం సంబంధం? టెలిగ్రాం పెళ్ళాం ఇచ్చింది కాబట్టి దాన్ని ఎవరూ లెక్క చెయ్యరు. బుధవారం నాడు స్టేషన్లో ఉన్నాడని చెప్పగలిగిన బయటి మనిషి ఒక్కతే ఉంది, కంప్లైంటు ఇచ్చిన అమ్మాయి. ఆయన నన్నేమీ అడగలేదు. ఆమె అప్పటికే అడిగేసిందని ఆయనకు తెలుసు.

ఎందుకంటే ఆ మధ్యాహ్నం ఆమె తాపీ చంకలో పెట్టుకుని, కొంగుముడి విప్పి ఒక తెల్లకాగితం తీసింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. తనే కొని తెచ్చుకుంది.

"ఆ నాలుగు దినాలు ఆడ్నే ఉన్నడని ఒక్క ముక్క రాసియ్యమ్మా. నువ్వు చూస్తివి గద."

అమ్మ గుమ్మంలోనే ఉంది. ఏమీ అనలేదు. నాన్న ఇంట్లో లేరు. అంటే నన్ను ఆపినవాళ్ళు ఎవరూ లేరు. అప్పటికింకా పరీక్ష ఫలితాలే రాలేదు. నేను పుస్తకం మూసి, అది కుదరదమ్మా, నేనే సంతకం పెట్టిన కాగితం ఉంది కదా, ఇప్పుడు వేరేగా రాస్తే నా మీద కేసవుతుంది అన్నాను. చాలా స్పష్టంగా, అర్థమయ్యేట్టు చెప్పాను. అమ్మా అన్నాను, అక్కా అనలేదు. అది కూడా నాకు గుర్తుంది.

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. తిట్టి ఉంటే నాకు ఈ వయసులో కాస్త ఊపిరాడేది. కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచి కొంగున ముడేసుకుంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"సరె తియ్యమ్మా. ఆ దినం మాత్రం ఎంత ముద్దుగ రాస్తివి."

గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.